పుల్లలు దించిన సోమవారం

మూడో అంతస్తు, మెట్ల పక్క గది
వేసవి చివర

బావా,

నీ పెళ్లినాడు నాకొక మాట ఇచ్చావు. "మీ చెల్లెలు నా ఇంట్లో గరిటె పట్టినా పట్టకపోయినా సరే, పియానో మాత్రం వదలదు. అది నా పూచీ" అన్నావు. నేను అడగలేదు. నీ అంతట నువ్వే అన్నావు. మన బ్యాండులో బాస్ వాయించే లంబూ పక్కనే ఉన్నాడు. "డ్రమ్ములవాడి మాట కూడా డ్రమ్ము లాంటిదే, లోపల ఏమీ ఉండదు" అని నవ్వాడు. లంబూ పోయాడు. ఆ మాట అంతకన్నా చాలా ముందే పోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడొక కార్డు ముక్క రాశావు. "మీ చెల్లెలికి చెవులు పోతున్నాయి. వానాకాలం దాటితే ఏమీ వినపడకపోవచ్చని డాక్టరు అంటున్నాడు. ఒక్కసారి వచ్చి వాయించి వెళ్లు." అంతే. కర్టెన్ల కొలతలు రాసుకునే చేతికి అంతకన్నా రాదు కాబోలు.

రాను.

ఎందుకు రానో నీకు తెలుసు. అయినా చెబుతాను, నువ్వు మరిచిపోయినట్టు నటించడం కూడా నేర్చుకుని ఉంటావు. మన క్లబ్బులో సోమవారం సాయంత్రాలు ఎవరైనా వచ్చి మన బ్యాండుతో వాయించవచ్చు. నిలబడితే నిలబడతాడు. నిలబడలేని వాడి దగ్గర డ్రమ్మరు తన పుల్లలు రెండూ డ్రమ్ము మీద దించేస్తాడు. అవతలివాడు మాట్లాడకుండా లేచిపోవాలి. ఎందుకు దించావని వాడు అడగకూడదు, వాడి తరఫున ఇంకొకరూ అడగకూడదు. అడిగితే అక్కడ సంగీతం పోయి పంచాయతీ మిగులుతుంది. ఆ కట్టుబాటు పెట్టింది నేనే.

ఆ సోమవారం సంగీత కళాశాల ప్రిన్సిపాల్ ముందు వరసలో కూర్చున్నాడు. మండు వేసవిలోనూ కోటు విప్పడు కాబట్టి మనం కోటు అనేవాళ్లం. జాజ్ పియానో నేర్పడానికి ఉద్యోగం ఒక్కటే, అడిగినవాళ్లం ఇద్దరం, నేనూ నా చెల్లెలూ. ఒకే పాట ఇద్దరినీ వాయించమన్నాడు. ముందు నేను వాయించాను. తర్వాత అది. పాట ఒక చుట్టు తిరిగి మొదటి ఆవృత్తం అయింది. రెండోది సగానికి వచ్చింది. దాని మొగుడివి, నువ్వు, పుల్లలు దించావు. అది లేచింది. పియానో మూత వేసి, చేతిసంచి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఎక్కడా వాయించలేదు.

ఉద్యోగం నాకు వచ్చింది. పెళ్లాన్ని పదిమందిలో లేపి పంపిన మనిషి గడప తొక్కకూడదని ఆ రోజే అనుకున్నాను. చిన్నప్పుడు దాని ఏడుపు విని కీచురాయి అని పేరు పెట్టింది నేను. ఆ కీచురాయి నోరు మూయించింది నువ్వు. ఇప్పుడు దాని చెవులు మూసుకుపోతుంటే నేను గుర్తొచ్చానా?

కింది అంతస్తులో ఎవరో చీపురుకర్రతో పైకి పొడుస్తున్నారు. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతున్నానట, వాళ్లకి నిద్ర పట్టదట. పట్టపగలు నిద్రేమిటో. ఈ గది కూడా ఖాళీ చెయ్యాలి.

ఇట్లు,
నీకు బావనైనందుకు చింతించే
నేను

*

కర్టెన్ల కొట్టు, వెనక గది
మొదటి వాన

మాస్టారు బావకి,

నీ ఉత్తరం అందింది. తిట్లలో నీ చెయ్యి బాగా తిరిగింది. నాకు ఉత్తరం రాయడం రాదు, నువ్వన్నది నిజమే. కర్టెన్ అయితే కింద అంచు చూసి పని అయిపోయిందని తెలుస్తుంది. ఉత్తరానికి అలాంటిది లేదు.

మీ చెల్లెలి సంగతి రాస్తాను. ముందు కెటిల్ ఈల పోయింది. నీళ్లన్నీ ఇగిరి, అడుగు మాడి, వాసన వస్తే గాని తెలియలేదు. తర్వాత గుమ్మం బెల్లు పోయింది. తర్వాత ఆడవాళ్ల గొంతులు. సన్నటివన్నీ ముందు పోతాయట, లావుపాటివి చివరిదాకా ఉంటాయట. అందుకే నా గొంతు ఇంకా వినిపిస్తోంది. "ముందు పోవలసింది చివరికి మిగిలింది" అంటుంది. కొట్లోకి వచ్చినవాళ్లు నవ్వుతారు. వాళ్ల నవ్వు తనకి వినపడదు, పళ్లు చూసి తనూ నవ్వుతుంది.

నువ్వు నమ్మవు గానీ, ఒక్క రోజు కూడా ఆవిడ చేతులు ఊరుకోలేదు. నేను గుడ్డ కత్తిరిస్తుంటే అవతల బల్ల మీద ఎడమ చెయ్యి నడుస్తూనే ఉంటుంది. నేను చూడనట్టు ఉంటాను. ఈ మధ్య ఇంకొకటి మొదలుపెట్టింది. బల్లకి చెవి ఆనించి, వేళ్లతో కొట్టి, వినపడుతోందో లేదో చూసుకుంటోంది. అది చూసిన రోజే నీకు కార్డు రాశాను.

నేను రాసినట్టు తనకి తెలియదు. తెలిస్తే నా తల డ్రమ్ము అవుతుంది.

పుల్లల సంగతి నువ్వు అడగలేదు, తిట్టావంతే. అడగకపోవడమే మంచిది. కట్టుబాటు నీదే కదా. రా బావా. వానలు మొదలయ్యాయి.

నీ
బావ

*

కొత్త గది, బేకరీ మేడమీద
వానలు

బావా,

గది మారాను. ఇక్కడ కింద మనుషులు లేరు, పొయ్యి ఉంది. నేల వెచ్చగా ఉంటుంది కాబట్టి ఎక్కడా నిలబడలేను, తిరగడానికి కొత్త సాకు దొరికింది. పియానోను మెట్ల మీద మోసినవాళ్లు నన్ను తిట్టిన తిట్లు నేను నిన్ను తిట్టినవాటికన్నా బాగున్నాయి. రెండు గుర్తుపెట్టుకున్నాను, నీకు పనికొస్తాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బల్లకి చెవి ఆనించిన చోట ప్రతిసారీ ఆగిపోయాను. అక్కడి నుంచి లేచి కిటికీ దాకా వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను.

నా బతుకు సంగతి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. సెలవుల్లో హోటళ్లలో, జనం ముద్దలు మింగుతుంటే వాయించాను. ఓడల మీద వాయించాను. మిగతా రోజులన్నీ కళాశాల. ముప్పై ఏళ్ల పైన నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు రికార్డులిచ్చారు, నేను మార్కులిచ్చాను. రిటైరైన రోజు కోటు తర్వాత వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ లేచి, "మాస్టారు మహావృక్షం" అన్నాడు. నీడన ఇంకేదీ మొలవదని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు, ఆయనకి అంత తెలివి లేదు. పత్రికలవాడు ఒకడు నా మీద వ్యాసం రాసి, నేను ఎన్నడూ చూడని దేశాల్లో నన్ను చదివించాడు. సంగీతం గురించి రాసే పుస్తకాలన్నీ చదివాను. సగం మంది పుస్తకాల్లో వాయించారు, మిగతా సగం అదీ లేదు.

వీటన్నిటికీ కాదు ఈ ఉత్తరం. నీకు ఒక పాఠం గురించి చెప్పాలి.

ప్రతి ఏడూ పై తరగతి పిల్లలకి చివరి రోజున కీచురాయి వాయించిన ఆ ఒకటిన్నర ఆవృత్తాన్ని నేను వాయించి చూపించేవాణ్ణి. ఒక్కసారి విన్నదే, అయినా ఒక్క స్వరం పోలేదు. ఎవరిదో చెప్పేవాణ్ణి కాదు. "ఇక్కడ డ్రమ్మరు పుల్లలు దించాడు. తప్పెక్కడుందో చెప్పండి" అనేవాణ్ణి. కొందరు ఎడమ చెయ్యి బరువైందన్నారు. కొందరు లయ తోసుకుపోయిందన్నారు. పరీక్షకి మార్కులు కావాలి కదా, ఏదో ఒకటి అనాలి. ఒక్క పిల్ల మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంది. ఇవాళ ఆ పిల్ల పేరు గోడలకి అంటించి ఉంటుంది. అప్పట్లో దాన్ని నేను పొగరు అని పిలిచేవాణ్ణి, మొహం మీదే.

"ఏం పొగరూ, నోరు పెగలదేం?"

"తప్పు లేదు మాస్టారూ."

"మరి పుల్లలెందుకు దించాడు?"

"ఆయనకి చెముడేమో. లేకపోతే మీకు."

తరగతి నుంచి గెంటేశాను. ఆ ఏడు దాన్ని పరీక్షలో తప్పించాను కూడా. అది ఇంకొక కళాశాలకి వెళ్లి పైకొచ్చింది. ఎక్కడ మాట్లాడినా నా పేరు ఎత్తదు, ఎత్తితే బాగుండదు గనక.

కానీ ఆ పిల్ల వెళ్లిపోయాక తలుపు వేసుకుని మళ్లీ వాయించాను. ఆ తర్వాత ప్రతి ఏడూ వెతికాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నువ్వు వాయించలేక పుల్లలు దించావా అని కూడా ఆలోచించాను. లేదు, నీ చెయ్యి ఆ సాయంత్రం బాగానే ఉంది.

అడగకూడదని నేనే పెట్టాను. నేనే తీసేస్తున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇన్నేళ్లు అడక్కుండా పస్తులున్నది నేనే.

ఎందుకు దించావు?

జవాబు రాసే వరకు నా నుంచి ఏమీ ఆశించకు.

నేను

*

కర్టెన్ల కొట్టు
వాన తెరపి ఇచ్చిన పూట

మాస్టారు బావకి,

నాలుగు కాగితాలు చించేశాను. ఇది అయిదోది. ఇది కూడా చించితే కొట్లో రసీదులకి కాగితం ఉండదు.

నువ్వు వాయిస్తున్నప్పుడు మీ చెల్లెలు నా వెనక నిలబడి ఉంది. నువ్వు మా ఎవరి వైపూ చూడలేదు, నీ చొక్కా వీపంతా తడిసిపోయింది. అంతకు ముందు రోజు మా ఇంట్లో కూర్చుని, "ఇది రాకపోతే పియానో అమ్మేసి ఏ గుమాస్తా పనో చూసుకుంటా, ఇక ముట్టుకోను" అన్నావు. నేను నీ మాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను. ఆవిడ వదలలేదు.

నా చెవి దగ్గరికి వంగి, "అన్నయ్య ఇంతకన్నా వాయించలేడు. నేను వాయించగలను" అంది. గొప్పగా అనలేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు అంది. "రెండో ఆవృత్తంలో పుల్లలు దించెయ్" అంది.

"పిచ్చెక్కిందా నీకు? నేను దించను" అన్నాను.

"నువ్వు దించకపోతే నేను కావాలని తప్పు వాయిస్తాను. అది నాకు చేతకాదు, పట్టుబడతాను. అన్నయ్యకి తెలిసిపోతుంది. నువ్వు దించు."

అప్పటికే నీ పాట అయిపోయింది, జనం చప్పట్లు కొడుతున్నారు. ఆలోచించుకోవడానికి నాకు ఆ చప్పట్లంత సేపే దొరికింది. తర్వాత తను కూర్చుని వాయించింది. ఎలా వాయించిందో నీకు నేను చెప్పక్కర్లేదు. నేను మొదటి ఆవృత్తంలోనే దించాల్సింది. వినాలనిపించి ఆగాను. రెండోదాంట్లో సగం దాకా ఆగాను. అప్పుడు నా వైపు చూసింది. దించాను. కోటుకి జాజ్ అంటే చెవి లేదు, కళ్లున్నాయి. పుల్లలు దిగడం చూశాడు.

మరి ఆ తర్వాత ఎందుకు వాయించలేదని నువ్వు అడుగుతావు. నేనూ అడిగాను. చాలాసార్లు అడిగాను, పోట్లాడాను కూడా. "ఎక్కడ వాయించినా ఆ పుల్లలు అబద్ధమని తెలిసిపోతుంది. ఆ ఉద్యోగం దానంగా వచ్చిందని అన్నయ్య చెవిన పడుతుంది" అంది. ఇంట్లో పియానో కూడా ఉంచనివ్వలేదు. ఆవిడ వాయించని చోట నేను మాత్రం ఎందుకని డ్రమ్ములు వదిలేశాను. కర్టెన్లు మంచివే, చప్పుడు చెయ్యవు.

నీకిచ్చిన మాట తప్పింది నేనే. కాదనను. ఎవరి మాట మీద తప్పానో ఇప్పటికి చెప్పాను.

పక్క గదిలోంచి పిలిస్తే నా గొంతు కూడా ఇప్పుడు ఆవిడకి వినపడటం లేదు. ఎదురుగా నిలబడి చెబితేనే తెలుస్తోంది.

నీ
బావ

*

బేకరీ మేడ
రోజు తెలియదు

బావా,

ఎవరడిగారు మిమ్మల్ని?

నేను అడుక్కున్నానా? నా గిన్నె పట్టుకుని మీ గుమ్మం ముందు నిలబడ్డానా? మొగుడూ పెళ్లాలిద్దరూ నా వీపు మీద చెమట చూసి, నా వెనకే నిలబడి, నా జీవితానికి కొలతలు తీసి, కత్తిరించి, కుట్టి, తగిలించారు. కర్టెన్ల కొట్టు తర్వాత పెట్టారా, ఆ సాయంత్రమే పెట్టారా?

ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుని పిల్లలకి తప్పులు దిద్దాను. లేని తప్పు వెతికించి వాళ్ల చెవులు పాడుచేశాను. నిజం చెప్పినందుకు ఒక పిల్లని గెంటేశాను. దీనికంతటికీ పేరు ప్రేమ అంటావు నువ్వు. అనలేదు, కానీ అంటావు.

అన్నయ్య ఇంతకన్నా వాయించలేడట. ఎవరు చెప్పారు దానికి? ఆ మరుసటి ఏడు వాయించేవాణ్ణేమో. ఓడిపోయి ఉంటే వాయించేవాణ్ణేమో.

రాను. ఇక రాయకు.

*

కొట్టు
ముసురు

బావా,

రాయవద్దన్నావు కాబట్టి రెండు ముక్కలే. నీ ఉత్తరాలు ఆవిడకి దొరికాయి. నేను గుడ్డ తానుల మధ్య దాచాను, పసుపు గుడ్డ అడిగిన వాళ్లెవరో వచ్చి కొంప ముంచారు. నాతో మాట్లాడటం లేదు. ఆవిడ మాట్లాడకపోతే నాకు తెలుస్తుంది, నేను మాట్లాడకపోతే ఆవిడకి తెలియదు, అదీ మా ఇంటి పరిస్థితి. కింద తనే రాసింది. నన్ను చదవవద్దంది. చదివాను.

అన్నయ్యా,

మా ఆయన్ని తిట్టకు, ఆయన బతుకంతా నా మాట విన్నాడు, ఇప్పుడు నేను ఎవరి మాటా వినలేను. మా ఇంట్లో పియానో లేదు, పక్కవీధి బడి హాల్లో ఉంది. పియానో పై మెట్ల సన్నటి స్వరాలు నాకు వినపడవు, కాబట్టి నీ గొప్పలన్నీ కిందే చూపించుకోవాలి. వస్తే త్వరగా రా. రాకపోతే రానని కూడా రాయకు, ఎదురుచూడటానికైనా ఏదో ఒకటి ఉండనీ.

కీచురాయి

*

తిరుగు బండి, కిటికీ సీటు
వానలు వెనకబట్టాక

బావా,

బండి ఊగుతోంది, అక్షరాలు కూడా ఊగుతాయి. నిన్న మీ ఊళ్లో నీతో ఒక్క మాటా మాట్లాడకుండా వచ్చేశానని నువ్వు బాధపడి ఉంటావు. మాట్లాడితే మళ్లీ తిట్టేవాణ్ణి. ఎదురుగా ఉన్న మనిషిని తిట్టడం నాకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు, కాగితం మీదే వచ్చు.

బడి హాలు తలుపు దగ్గర నువ్వు గొడుగు పట్టుకుని ఆగిపోయావు, లోపలికి రాలేదు. కాబట్టి లోపల జరిగింది నీకు తెలియదు. అది చెబుతుందన్న నమ్మకం నాకు లేదు. నేనే చెబుతాను.

నన్ను చూడగానే, "ఇంత ముసలాడివైపోయావేంట్రా అన్నయ్యా" అంది. చెవులు వినపడనివాళ్ల గొంతు ఎంత పెద్దదో నీకు తెలుసు. కారిడార్లో తుడుస్తున్న ఆయా కూడా ఆగి నన్ను తేరిపార చూసి, నిజమేనన్నట్టు తలాడించింది. నేను కూర్చుని కింది మెట్ల మీదే వాయించాను. అది పియానో పక్క చెక్కకి అరచెయ్యి ఆనించి నిలబడింది. కళ్లు మూసుకోలేదు, నా వేళ్లనే చూసింది. కాసేపటికి "జరుగు" అంది. వినపడేది ఎడమవైపే కాబట్టి ఎడమవైపు దానికిచ్చి నేను కుడివైపుకి జరిగాను.

బావా, దాని వేళ్లు పోయాయి. బొటనవేలు మిగతా వేళ్ల కిందినుంచి తిరగడం లేదు. రెండు మెట్లు కొట్టబోయి మూడు కొడుతోంది. నేను వాయించింది దానికన్నా బాగుంది. నిజంగా బాగుంది, ఎవరినడిగినా చెబుతారు. నేను గెలిచాను. ఈ మాట ఒకసారి రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను.

మధ్యలో ఒకచోట, ఎంతసేపో కాదు, నాలుగు తాళాలంత ఉంటుందేమో, దాని ఎడమ చెయ్యి ఎక్కడికో వెళ్లింది. వెళ్లే దారి నాకు తెలియదు. నేనైతే ఆ మలుపు తీసుకోను, తీసుకోవాలని తట్టదు. నేను చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను, వినడానికి.

అది నా చేతులు చూసింది. వెంటనే ఆపేసి లేచింది. చేతిసంచి కోసం వంగింది.

నేను దాని చేతిజబ్బ పట్టుకున్నాను. "కూర్చో" అన్నాను.

"చేతులు తీశావు కదా" అంది.

"వినడానికి తీశాను."

"ఏంటీ?"

"వినడానికి."

"గట్టిగా చెప్పు, గొణగకు. చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు."

అప్పుడు అరిచాను, బావా. బాగుందని అరిచాను. నా కన్నా బాగుందని అరిచాను. పుట్టి ఇన్నేళ్లయినా ఒక్క మనిషికీ చెప్పని మాట, గోడలు అదిరేటట్టు చెప్పవలసి వచ్చింది. ఎవరో కొట్టుకుంటున్నారనుకుని ఆయా చీపురుతో పరిగెత్తుకొచ్చింది. అది మాత్రం తీరిగ్గా కూర్చుని, "అరవకు, తెలుసు" అంది.

తెలుసట. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

తర్వాత బడి గంట కొట్టేదాకా వాయించాం. గంట దానికి వినపడలేదు. నేను చెప్పలేదు.

ఇప్పుడు ఈ కిటికీ పక్కన కూర్చుని, తిట్టుకోవలసిన వాళ్లని ఒక్కొక్కరినే తలచుకుంటున్నాను. కోటును వదిలేశాను, చెవి లేనివాడు కళ్లతో విన్నాడు, అంతే. మహావృక్షం అన్నవాణ్ణీ, పత్రికలవాణ్ణీ వదిలేశాను, వాళ్ల మీద కోపం పెట్టుకోవడానికి నాకు వయసు చాలదు. పొగరుకి ఉత్తరం రాయబోతున్నాను. క్షమించమని రాయను. "నువ్వు చెప్పిన జవాబు సరైనది, ఆ ఏడు మార్కులు వేసుకో" అని రాస్తాను. దానికి అది చాలు, అంతకన్నా రాస్తే నమ్మదు.

నిన్నూ వదిలేస్తున్నాను. ఇష్టం లేకుండానే. పుల్లలు నీ చేతిలో ఉన్నాయి, మాట నీది కాదు. అయినా రెండో ఆవృత్తం సగం దాకా ఆగావు చూడు, ఆ సగం నాకు దక్కింది నీ వల్లే.

వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. దానికి ఏదో ఒకటి వినపడినంత కాలం వస్తాను. వినపడటం ఆగిపోయాక కూడా వస్తానేమో, చెక్క మీద చెయ్యి పెట్టుకుంటుంది. నా గది ఎలాగూ ఖాళీ చెయ్యాలి, బేకరీవాడు మేడ పడగొడతాడట. మీ వీధిలో కింద మనుషులు లేని గది ఏదైనా ఉంటే చూసిపెట్టు.

కానీ నేను మెత్తబడ్డానని దానికి చెప్పకు. ఆ సాయంత్రం ఓడిపోయి ఉంటే పియానో మూసేవాణ్ణేమో. మర్నాడు పొద్దున్నే తెరిచి, పళ్లు నూరుకుంటూ, వేళ్లు వాచేదాకా వాయించి, ఇంకొక మనిషినై ఉండేవాణ్ణేమో. ఆ రెండిట్లో ఏదో తేల్చుకోవలసింది నేను. అడక్కుండా నా బదులు తేల్చేసింది, తన చేతులు కోసిచ్చి మరీ తేల్చేసింది. అంత పెద్ద దానం చేసినవాళ్లని తిట్టడానికి లోకంలో ఎవరికీ నోరు రాదు. నాకు వస్తుంది. ఇన్నేళ్లూ నీ పేరు పెట్టి తిట్టాను బావా, పొరపాటు. నేను క్షమించలేనిది ఒక్క మనిషినే, నా చెల్లెల్ని, కీచురాయిని.